జొన్నగిరి దారిలో షాపు పెడతానంటాండే అల్లునికి

చిరంజీవి మేనల్లునికి రాయదుర్గం నుంచి మీ అత్త దీవించి రాసేది.

నువ్వు హోసూరులో ఉద్యోగం మానేసి వస్తాండావని, జొన్నగిరి బంగారు గని దారిలో హైడ్రాలిక్ పైపుల షాపు, అదే మిషన్లలో ప్రెషరు ఆయిలు పోయే పైపుల షాపు, పెడతాండావని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. చెప్పేటప్పుడు ఆయన గొంతులో భయం ఉండె, కొంచెం గర్వం గూడా ఉండె. నాకూ అంతే. ఫోన్లోనే మాట్లాడదామనుకుంటి గానీ నువ్వు ప్రతి మాటకీ "సరేలే అత్తా, సరేలే అత్తా" అంటావు, ఏది విన్నావో ఏది వదిలేసినావో నాకు తెలీదు. అందుకే రాస్తాండా. అన్నం తినుకుంటా చదవొద్దు, కూర్చోని చదువు.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటా. నువ్వు పట్టుకున్న పని మంచిది. బంగారు గని అంటే మన జనాలకు కండ్ల ముందు బంగారమే మెరుస్తుంది. జొన్నగిరిలో టన్ను రాయి పిండి చేసినా రెండు గ్రాములు రాదు. అంటే అక్కడ పొద్దస్తమానం జరిగేది రాయి పగలగొట్టే పని, రాయి మోసే పని. డ్రిల్లు మిషన్లు, తవ్వి లోడు చేసే హిటాచీలు, టిప్పర్లు, క్రషర్లు. ఒక హిటాచీకి పైపు పగిలిందనుకో, దాని కింద లోడుకు కాచుకోనుండే టిప్పర్లన్నీ వరసగా నిలబడిపోతాయి. డ్రైవర్ల జీతం ఆగదు, బండి కంతు ఆగదు. పైపు పట్టుకోని మనిషి గుంతకల్లుకో కర్నూలుకో పోయి వచ్చేలోపల ఒక పూట గంగలో కలిసినట్టే. నువ్వు గేటుకు దగ్గర్లో కొలత తీసుకోని, పైపు కోసి, రెండు దిక్కులా ఫిట్టింగు నొక్కి చేతిలో పెడితే వాళ్ళు ఇంకో చోటికి ఎందుకు పోతారు? నీ పైపు ధర కర్నూలు కంటే వంద ఎక్కువున్నా ఇస్తారు. అయినా ఎక్కువ తీసుకోవద్దు.

పెద్ద గని వస్తే చుట్టుపక్కల బాగుపడుతుందని మీటింగుల్లో మైకు పట్టుకున్న ప్రతివాడూ చెప్తాడు. ఎట్లా బాగుపడుతుందో ఎవరూ విడమరిచి చెప్పరు. మన పిల్లోళ్ళు వాచ్‌మన్ ఉద్యోగానికి ఎమ్మెల్యే లెటర్ కోసం తిరుగుతారు. ఓబుళాపురం వైపు ఇనుప ఖనిజం ఆడినప్పుడు నేను కండ్లారా చూసినా. ఇక్కడ నిలదొక్కుకున్నోళ్ళు ఎవరు? టార్పాలిన్లు కుట్టినోడు, రేడియేటర్లు అతికినోడు, పంచరు షాపోడు, లారీలకు కమాను కట్టలు రిపేరు చేసినోడు. కంపెనీ గేటు లోపల ఉద్యోగం దొరికింది కొందరికే. గేటు బయట పని దొరికింది శానామందికి. అందుకే నీ ఆలోచన విని "వీనికి బుర్ర ఉండాది" అనుకున్నా. మా తమ్ముని కొడుకువి గదా అని గూడా అనుకున్నా.

కాగితాలు నీకు తెలిసినవే, ఒక్క మాటలో రాస్తా. పాన్, జీఎస్టీ, బ్యాంకులో కరెంటు ఖాతా, పంచాయతీ లైసెన్సు, త్రీఫేజు మీటరు. కాగితాలు సరిగ్గా లేకుండా ఏ పెద్ద కంపెనీ నిన్ను వెండరుగా రాసుకోదు. షాపుకు అడ్వాన్సు ఇచ్చేముందే ఇవి చూసుకో.

ఒక్క కాగితం గురించి మాత్రం ఎక్కువ చెప్తా, ఎందుకంటే దీన్ని అందరూ తప్పుగా చేస్తాండారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అదే చిన్న వ్యాపారాలను కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు చేసేది. ఇది ఉచితం, ఆధార్, పాన్, జీఎస్టీ నంబర్లు ఉంటే చాలు, డబ్బు అడిగే బ్రోకరు దగ్గరికి పోవద్దు. మా పాప, అదే మీ వదిన, అనంతపురంలో ఆడిటరు దగ్గర పని చేస్తుంది గదా, ఆమె చెప్పిన సంగతి ఇది. పైపులు కొని అమ్మే వ్యాపారం అని రాయించినావంటే నీకు బ్యాంకు లోను దగ్గర తప్ప ఇంకేమీ ఉపయోగం లేదు. పైపు తయారుచేసి ఇస్తాం, మిషన్లు రిపేరు చేస్తాం అని తయారీ కింద, సేవల కింద రాయించుకోవాల. అట్లా ఉంటే 2006లో వచ్చిన చిన్న పరిశ్రమల చట్టం నీకు వర్తిస్తుంది. నీ దగ్గర పని చేయించుకున్నోడు రాసుకున్న గడువులో డబ్బు కట్టాల, ఆ గడువు 45 రోజులు దాటకూడదు. అసలు రాతే లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇప్పుడు ఇంకోటి గూడా వచ్చింది. గడువు దాటి, మార్చి ఆఖరుకు గూడా నీకు కట్టకపోతే ఆ ఖర్చు వాళ్ళ ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడాదికి ఒప్పుకోరంట. అందుకే మార్చి నెలలో వాళ్ళ అకౌంట్స్ వాళ్ళే నీకు ఫోన్ చేస్తారు, చూస్తాండు.

చట్టం ఉండాది గదా అని మొదటిసారి ఆలస్యమైనప్పుడే ఇట్లాంటి బాకీలు తేల్చే ప్రభుత్వ కౌన్సిల్‌కి కేసు వేసేయొద్దు. గిరాకీ పోతుంది. నీ ఉద్యమ్ నంబరు, 45 రోజుల మాట బిల్లు కింద అచ్చు వేయించు. నవ్వుకుంటా ఇవ్వు. చదివేవాడు చదువుకుంటాడు.

ఇంకోటి మర్చిపోతాండా. నువ్వు బిల్లు వేసినావంటే డబ్బు చేతికి రాకపోయినా జీఎస్టీ నువ్వు కట్టాల్సిందే. పెద్ద బిల్లు వేసినప్పుడు సంతోషపడి చేతిలో ఉండేదంతా సరుకులో పెట్టొద్దు. పన్ను డబ్బు వేరే ఖాతాలో పెట్టుకో.

ఇప్పుడు మీ మామ సంగతి. నీకు సగమే తెలుసు. అప్పుడు నువ్వు చిన్నోడివి, సెలవుల్లో వచ్చి బండి క్యాబిన్లో కూర్చోని హారను కొట్టేవాడివి.

మీ మామకు మొదట ఒక్క లారీనే. అప్పు తీరిపోయిన లారీ. పంట సీజన్లో శెనక్కాయలు నూనె మిల్లుకు తోలేవాడు, మిగతా కాలం ఇక్కడ కుట్టిన జీన్స్ ప్యాంట్ల బేళ్ళు బళ్ళారికి వేసేవాడు. బాడుగ తక్కువే. కానీ మిల్లాయన శనివారం వచ్చిందంటే లెక్క కట్టి చేతికిచ్చేవాడు. తర్వాత ఎర్రమట్టి, అదే ఇనుప ఖనిజం, రేటు లేచింది. చైనా వాళ్ళు 2008 ఒలింపిక్స్ ముందు ఎంత పంపినా కొంటాండిన కాలం. లారీ ఉండినోడే రాజు. రోడ్డు ఎరుపు, చెట్లు ఎరుపు, మా మెస్సుకు అన్నానికొచ్చే డ్రైవర్ల కనురెప్పలు గూడా ఎరుపు. అప్పుడొక కాంట్రాక్టరు మా అరుగు మీద కూర్చోని, నేను చేసిన మిరపకాయ బజ్జీలు తిని, "అన్నా, ఇంకో మూడు బండ్లు తెచ్చుకో, నీ బండ్లకు ఖాళీ ఉండదు" అని చెప్పి పోయినాడు. రాత లేదు కోత లేదు. ఆ మాట మీద మూడు టిప్పర్లు ఫైనాన్సులో వచ్చినాయి. ముందు కట్టాల్సిన డబ్బుకు నా గాజులు పోయినాయి, మా అత్త చేని పాసుపుస్తకం పోయింది.

అప్పు చేసి బండ్లు కొన్నదే ఆయన తప్పని బంధువులందరూ ఇప్పటికీ అంటారు. నేను అనను. రెండేండ్లు కంతులన్నీ టైముకే కట్టినాడు. నీ కాన్వెంటు ఫీజు గూడా ఆ డబ్బే, మీ నాయన నీకు చెప్పింటాడో లేదో. తప్పు ఇంకో చోట జరిగింది. ఒకరోజు మిల్లాయన మనిషిని పంపినాడు, శెనక్కాయలు తోలాల, బండి కావాలని. మీ మామ అన్నం ముందర కూర్చోని, లేవకుండానే "ఇప్పుడు తీరదని చెప్పు" అన్నాడు. నేను వాకిట్లో నిలబడుకోని ఉంటి. ఆ మనిషి లోపలి మాట తానే విన్నాడు, నేను చెప్పాల్సిన పని లేకపోయె. సైకిలెక్కి పోయినాడు. తర్వాత బేళ్ళవాళ్ళకూ అదే జవాబు. మైన్సు బాడుగ ముందర వాళ్ళ బాడుగ ఏపాటిది? పాత లారీని గూడా మట్టికే పెట్టేసినాడు.

ఇంక ట్రిప్పు చీటీలు. రబ్బరు బ్యాండు వేసి, పాలిథిన్ కవర్లో చుట్టి, దేవుని గూట్లో పెట్టేవాడు. ఒక్కో చీటీ మీద బండి నంబరు, టన్నులు, వేబ్రిడ్జి టైము బాగానే ఉండేది. కింద సంతకం మాత్రం ఒక అడ్డగీత. ఎవరిదో, ఏ హోదానో లేదు. రెండు నెలల బాడుగ ఎప్పుడూ వెనకే ఉండేది, "యాడికి పోతుంది లే" అనేవాడు. 2009 చివర్లో ఈ వైపు గనులు ఆగిపోయినాయి. బండ్లు బళ్ళారి వైపు తోలుకున్నాడు. 2011లో సుప్రీంకోర్టు అక్కడా ఆపేసింది. కవరు పట్టుకోని ఆ కాంట్రాక్టరు ఆఫీసుకు పోతే గుమాస్తా చీటీలు ఒక్కొక్కటి తిరగేసి, "ఈ సంతకం మావాళ్ళది కాదన్నా" అని కవరు వెనక్కి ఇచ్చినాడంట. ఫైనాన్సువాళ్ళు రెండు బండ్లు ఒకే రాత్రి తోలుకోని పోయినారు. మూడోది మేమే వచ్చిన కాడికి అమ్మినాము. మీ మామ అప్పుడు పాత లారీ కడిగి, టైర్లకు గాలి పట్టించి, మిల్లాయన దగ్గరికి పోయినాడు. ఆయన కసురుకోలేదు, టీ తెప్పించినాడు. "వేరే బండి పెట్టుకొని శానాళ్ళయిందప్పా, వాన్ని ఎట్లా తీసేసేది?" అన్నాడు. న్యాయమే గదా.

మేము బతికింది మెస్సు మీద. అది నా తెలివి అనుకోవద్దు. మెస్సును మైన్సు రోడ్డుకు మార్చమని మీ మామ రోజూ పోరు పెట్టేవాడు. మా అత్త ఒప్పుకోలేదు. బస్టాండు కాడ కూర్చోని వచ్చేపోయేవాళ్ళను చూడకుంటే ఆమెకు పొద్దుపోదు, అంతకంటే కారణం లేదు. ఆమె పుణ్యాన కుట్టుమిషన్ల వాళ్ళు, కండక్టర్లు, సంతకొచ్చే రైతులు మాకు మిగిలినారు.

అబ్బీ, ఇదంతా ఎందుకు రాసినానో నీకు తెలిసిపోయింటుంది. నీ పైపులు గని మిషన్లకే కాదు గదా పనికొచ్చేది. తుగ్గలి, పత్తికొండ, గుత్తి పక్కల ఎన్ని జేసీబీలు తిరుగుతాండాయి, ఎన్ని బోర్ల బండ్లు ఉండాయి, ఎన్ని ట్రాక్టర్లకు ట్రాలీ జాకీలు ఉండాయి! మన సీమలో బోరు వేయని ఎండాకాలం ఉండాదా? షాపు గేటు ముందరే పెట్టాలని పట్టు పట్టొద్దు. గని బండి రావడానికీ, పత్తికొండ దారిన పోయే ట్రాక్టరు ఆగడానికీ రెండిటికీ వీలుండే చోటు చూడు. బాడుగ కొంచెం ఎక్కువైనా పర్వాలేదు. నెల బిల్లుల్లో గనివి సగం దాటితే నాకు చెప్పు, నేను వచ్చి తిడతా. టమాటా లోడు ట్రాక్టరు తెచ్చిన రైతును, లోపల హిటాచీ పైపు ఉండాదని "రేపు రా" అనొద్దు. ఆయనది పది నిమిషాల పని, చేసి పంపు.

పని ఇచ్చే ప్రతిచోటా వర్క్ ఆర్డరు రాతలో తీసుకో. పైపు ఇచ్చేటప్పుడు చలానా మీద సంతకం, కింద పేరు, హోదా, తేదీ, మిషన్ నంబరు. సంతకం పెట్టినోడు బదిలీ అయిపోయినా కాగితం మాట్లాడాల. గనిలో నీకు నేరుగా పని ఇచ్చేది గని కంపెనీ కాకపోవచ్చు. మట్టి తీసే కాంట్రాక్టు ఒకరిది, డ్రిల్లింగు ఒకరిది, వాళ్ళ కింద మళ్ళీ సబ్ కాంట్రాక్టర్లు. నీ బాకీ ఎవరి పేరు మీద ఉండాదో ముందే తెలుసుకో. కిందికి పోయేకొద్దీ మాట తియ్యగా ఉంటుంది, డబ్బు ఆలస్యంగా వస్తుంది.

టిప్పరు గూడా ఒకటి కొని గనిలో పెడతానన్నావంట. వద్దు. దీనిమీద నాతో వాదించొద్దు. ఇది భయమే అనుకో, అత్త భయస్తురాలు అనుకో. పైపుల షాపు రెండేండ్లు నడిపి, అప్పు లేకుండా మిగిలిన డబ్బుతో కొంటానంటే అప్పుడు చూద్దాం.

మీ అమ్మ పేరు మీద ఉండే రెండెకరాలు బ్యాంకులో పెడతానన్న మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. చిన్న పరిశ్రమలకు 20 లక్షల దాకా తాకట్టు లేకుండానే ఇవ్వాలని బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ముద్ర లోను అడుగు. మేనేజరు పొలం కాగితాలు అడిగితే, ఎందుకు సార్ అని మర్యాదగా అడుగు. రెండో బ్రాంచికి పో. హోసు నొక్కే మిషను, పైపుల చుట్టలు, ఫిట్టింగులు, వెల్డింగు సెట్టు, దీనికి మించి మొదట్లో ఏం కావాల? ఏసీ రూము వద్దు. ఎవరికీ జామీను పడొద్దు, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు, నీ సొంత బావమరిది అడిగినా.

ఊర్లో పెద్దమనుషులు ఇద్దరు ఉంటారు. ఇద్దరూ నిన్ను "మనోడు" అంటారు. ఇద్దరికీ నమస్కారం పెట్టు, ఎవరి బండీ ఎక్కొద్దు.

పనికి పిల్లోళ్ళను యాడనుంచో తేవద్దు. జొన్నగిరి, పగిడిరాయి, ఎర్రగుడి పిల్లోళ్ళనే పెట్టుకో, గనికి భూమి ఇచ్చిన ఇంట్లో పిల్లోడు దొరికితే ముందు వాన్నే తీసుకో. తొలకరి పడితే వాళ్ళు వజ్రాల వేటకు చేలెంబడి పోతారు, నాలుగు రోజులు పనికి రారు. కోప్పడొద్దు, ముందే అనుకో. జీతం తేదీ తప్పొద్దు. మా బండ్లు పోయినప్పుడు డ్రైవర్లకు బాకీ పడిన డబ్బు తీర్చడానికే నా పెద్ద చీటీ పాడుకున్నా. ఆ పిల్లోళ్ళు ఇప్పుడు గూడా యాడ కనపడినా "అక్కా" అని ఆగి పలకరిస్తారు.

ఒక సంగతి నీకు తెలుసు, నీ దగ్గర పనికొచ్చే పిల్లోళ్ళకు తెలీదు. పైపు యాడ కారుతాందో చూడడానికి చేత్తో తడిమేది. మా మెస్సుకు ఒక ఆపరేటరు వచ్చేవాడు, కుడిచేతి చూపుడువేలు ఉండేది కాదు. సూది మొన అంత రంధ్రంలోనుంచి ఆయిలు కొట్టిందంట, చర్మం మీద చిన్న చుక్క తప్ప ఏమీ కనపడలేదంట, నొప్పి గూడా లేదని పని చేసుకున్నాడంట. రాత్రికి చెయ్యి ఉబ్బి నల్లబడింది. ప్రెషరు మీద ఉండే ఆయిలు తోలు చీల్చుకోని లోపలికి పోతుంది. అట్ట ముక్క పెట్టి చూడమను, మిషన్ ఆపి ప్రెషరు తీసిన తర్వాతే పైపు విప్పమను. ఎవరికైనా తగిలితే గాయం చిన్నదని ఊర్లో ఆర్ఎంపీ దగ్గర కట్టు కట్టించకుండా నేరుగా కర్నూలు పెద్దాస్పత్రికి తీసకపో. కండ్లద్దాలు, బూట్లు కొనివ్వు. గని లోపలికి పంపాల్సి వస్తే శిక్షణ, డాక్టరు పరీక్ష అయిన తర్వాతే పంపు. "ఒక్క గంట పనే గదా" అని సూపర్‌వైజరు పిలిచినా పంపొద్దు. నువ్వు గూడా మూతికి మాస్కు లేకుండా క్రషర్ పక్కన నిలబడొద్దు. రాతి దుమ్ము లంగ్సులో కూర్చుంటే ఏ మందుకూ దిగదు. మీ మామ దగ్గు నువ్వు విన్నావు గదా.

ఇంకోటి అడగాలనుకున్నా. తీసిన ఖనిజానికి గని ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి పైన, 2015 తర్వాత లీజులైతే దాంట్లో పదో వంతు, పాత లీజులైతే నూటికి ముప్పై, జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కి చేరుతుంది. కలెక్టరే దానికి అధ్యక్షుడు. తాగునీళ్ళు, ఆస్పత్రి, బడితో పాటు పిల్లోళ్ళకు పని నేర్పే శిక్షణకు గూడా ఆ డబ్బు ఖర్చు పెట్టొచ్చు. హైడ్రాలిక్ మెకానిక్ పని నేర్పే సెంటరు మీ మండలంలో పెట్టమని గ్రామసభలో అడుగు. నీ ఒక్కని పేరు మీద కాదు, పది మంది సంతకాలతో. పని తెలిసిన పిల్లోళ్ళు పెరిగితే నీకు పోటీ వస్తుందనుకోవద్దు. కోలారులో చూడు, 2001లో గనులు మూసేసినాక అక్కడి పిల్లోళ్ళు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయి పనిచేసి రాత్రికి ఇల్లు చేరేది. చేతిలో పని ఉన్నోనికి ఆ రైలన్నా దిక్కయింది. జొన్నగిరి గని ఎన్నేండ్లు నడుస్తుందో నడవనీ, నీ దగ్గర నేర్చుకున్నోడు గుత్తిలో ఇంకో షాపు పెట్టుకుంటే నాకు సంతోషమే.

మీ అమ్మ భయపడతాంటే కోప్పడొద్దు. ఆమెకు మిషను పని అర్థం కాదు, పొలం అర్థమవుతుంది. పొలం తాకట్టు లేదని చెప్పు, చాలు. షాపుకు పూజ చేసే రోజు ఎవరెవరికి భోజనాలో లెక్క చెప్పు, వంట నేనే చేస్తా, హోటల్‌కి ఇవ్వొద్దు. నా చీటీ శ్రావణంలో వస్తుంది, ఆ డబ్బు నీకే ఇస్తా. అది అప్పు కాదు, వడ్డీ అడగను, కానీ రాసుకుంటా.

మొదటి వర్క్ ఆర్డరు నీ చేతికి రాగానే దాన్ని ఫోటో తీసి మీ వదినకు వాట్సాప్ చేయి. సంతకం పెట్టక ముందు పంపు. పెట్టినాక పంపితే చదవనంటాంది.

ఇట్లు,
మీ అత్త